ఆకలి రుచెరుగదన్నది మావాడి విషయంలో అబద్ధం

మావాడికి ఆరేళ్లు నిండేసరికి వాడు తినేవి మొత్తం నాలుగు. పార్లే-జి బిస్కెట్లు, ప్యాకెట్ పెరుగు కలిపిన అన్నం, ఒక రకం ఆలూ చిప్స్, చిన్న డబ్బాలో వచ్చే యాపిల్ జ్యూస్. ఆ నాలుగింటికీ మళ్లీ షరతులు. బిస్కెట్ మూల విరిగి ఉండకూడదు. పెరుగులో మీగడ నాలుకకి తగలకూడదు. అన్నం మెత్తగా ఉండాలి గానీ జావ కాకూడదు. జ్యూస్ డబ్బాకి స్ట్రా వాడి కళ్లముందే గుచ్చాలి. నేను పుట్టింది గుంటూరు దగ్గర పల్లెలో. పచ్చడి, కందిపొడి, నెయ్యి లేని కంచం మా ఇంట్లో కంచమే కాదు. ఆ ఇంటి మనవడు పప్పు తాలింపు వాసన వస్తే చెవులు మూసుకుని బెడ్‌రూమ్‌లోకి పరిగెత్తేవాడు. చెవులెందుకు మూసుకునేవాడో అప్పుడు తెలీదు. అన్నీ ఒకేసారి ఎక్కువైపోతే చేతులు వెళ్లేది చెవుల మీదకేనని తర్వాత తెలిసింది.

ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ఈ మధ్యలో ఏం జరిగిందో రాస్తున్నాను. ఆ రోజుల్లో ఇలాంటిది తెలుగులో ఎవరైనా రాశారేమో అని రాత్రిళ్లు ఫోన్‌లో వెతికేదాన్ని. దొరికినవన్నీ పిల్లలు అన్నం తినకపోతే పది చిట్కాలు లాంటివి. ఆ పదీ చేశాను. క్యారెట్‌ని పువ్వులా కోయడం కూడా చేశాను.

అన్నప్రాశన రోజు పరమాన్నం చప్పరించాడు. ఏడాదిన్నర దాకా పప్పన్నం, చారన్నం, అరటిపండు, గుడ్డు అన్నీ తిన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే జారిపోయాయి. ముందు కూరలు, తర్వాత అరటిపండు తప్ప మిగతా పళ్లు, తర్వాత గుడ్డు. మూడున్నరేళ్లకి ఆటిజం అని చెప్పారు. అప్పటినుంచి మా దృష్టంతా మాటల మీదే. స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, మియాపూర్ నుంచి అటూ ఇటూ ఆటోలు. రిపోర్టులో తిండి గురించి ఒక్క ముక్కే ఉంది, కొంచెం పేచీ పెడతాడని. మేమూ అంతే అనుకున్నాం. మా ఆయన కూడా చిన్నప్పుడు వంకాయ తినేవాడు కాదట.

అసలు దెబ్బ తెనాలిలో ఒక పెళ్లిలో తగిలింది. అప్పటికి వాడికి అయిదేళ్లు. ఇడ్లీ తినేవాడు, చట్నీ లేకుండా, చిన్న ముక్కలుగా. బంతిలో కూర్చున్నాం. పక్కనున్న పిన్ని ప్రేమకొద్దీ ఇడ్లీముక్కకి చట్నీ అద్ది, వాడు నోరు తెరిచి ఏదో చెప్పబోతుంటే పెట్టేసింది. అందులో కరివేపాకు ఉంది. పొలమారింది. మొహం ఎర్రబడి, ఊపిరి అందక, ఆఖరికి మొత్తం కక్కేశాడు. ఒకావిడ నెత్తిమీద తడుతూ, "ఎవరో తలుచుకుంటున్నార్రా" అని నవ్వింది. అందరం నవ్వేశాం. వాడు నవ్వలేదు. ఆ వారంలో ఇడ్లీ మానేశాడు. తర్వాతి వారం దోశ. నెలతిరిగేసరికి అరటిపండు, బ్రెడ్, సేమ్యా కూడా పోయాయి. మిగిలినవి ఆ నాలుగు.

అందరి సలహా ఒకటే. "ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు. రెండ్రోజులు కడుపు మాడిస్తే వాడే దారికొస్తాడు." మా మామగారు చెప్పారు, అపార్ట్‌మెంట్‌లో వాళ్లు చెప్పారు. ఆఖరికి మేం చూపించిన ఒక డాక్టరు కూడా అదే చెప్పారు. మీరు బిస్కెట్లిస్తున్నారు కాబట్టే అన్నం తినట్లేదు, ఆపేయండి, మూడోరోజు ఉప్మా అయినా తింటాడు అన్నారు. తెల్లకోటు వేసుకున్నాయన చెప్పేసరికి మాకూ ధైర్యం వచ్చింది.

ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బిస్కెట్ ప్యాకెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాం. మొదటిరోజు కంచంలో పప్పన్నం పెడితే డైనింగ్ టేబుల్ కిందకి దూరి కూర్చున్నాడు. ఏడవలేదు. అడగలేదు కూడా, అడిగేంత మాటలు అప్పటికి వాడికి లేవు. బీరువా దగ్గరకెళ్లి తాళంకప్ప మీద వేలు పెట్టి నిలబడేవాడు. రెండోరోజు నీళ్లు కూడా ముట్టలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటికి పోలేదని గమనించింది మా అత్తయ్య. పెదాలు ఎండిపోయాయి, లేపితే తూలిపోతున్నాడు. హాస్పిటల్‌కి ఎత్తుకుపోయి సెలైన్ పెట్టించాం.

ఆ రాత్రి వార్డులో ఆయమ్మ టీలో ముంచుకోవడానికి పార్లే-జి ప్యాకెట్ విప్పింది. మావాడు సెలైన్ లేని చెయ్యి చాపాడు. ఆవిడ నావైపు చూసింది. నేను తలూపాను. నాలుగు బిస్కెట్లు ఒకదాని తర్వాత ఒకటి, అంచుల నుంచి లోపలికి కొరుక్కుంటూ తిన్నాడు. మా ఆయన కారిడార్‌లోకి వెళ్లిపోయాడు. పావుగంట దాకా లోపలికి రాలేదు.

అంటే వాడికి ఆకలి ఉంది. ఆకలేస్తే ఏదైనా తినేయడమనేది మాత్రం లేదు. ఈ రెండూ వేరని మాకు అర్థమవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

తెలిసినవాళ్లు చెబితే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరకెళ్లాం. ఆవిడ మొదట బరువు చూశారు, పదిహేను కిలోల రెండొందలు. పుట్టినప్పటి నుంచి ఉన్న టీకాల కార్డులు, స్కూలు రికార్డు తీయించి అన్ని బరువులూ ఒక గ్రాఫ్ మీద చుక్కలు పెట్టి కలిపారు. అయిదేళ్ల దాకా పైకి వెళ్లిన గీత తర్వాత అడ్డంగా పడుకుంది. ఆ గీత చూశాక 'సన్నగా ఉండే వంశం' అన్న మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ అనలేదు.

తర్వాత ప్రశ్నలు. ఏం తింటాడని కాదు, ఎలా తింటాడని. వేడిగానా, చల్లగానా? కరకరలాడేవా, మెత్తనివా? వేరే కంపెనీ బిస్కెట్ ఇస్తే తెలుస్తుందా? ఎదుటివాళ్లు తింటుంటే పక్కన కూర్చోగలడా? దగ్గు వస్తే భయపడతాడా? విరేచనం ఎన్ని రోజులకి అవుతుంది? పళ్లు చూశారు, టాన్సిల్స్ చూశారు, పొట్ట నొక్కి చూశారు. మలబద్ధకం బాగా ఉంది. పొట్ట అలా బిగిసి ఉంటే ఆకలి ఎక్కడ వేస్తుందమ్మా అన్నారు. ఇన్నాళ్లూ మమ్మల్ని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు.

ఆవిడ చెప్పిన పేరు ఆర్ఫిడ్. పూర్తిగా అవాయిడెంట్ రెస్ట్రిక్టివ్ ఫుడ్ ఇన్‌టేక్ డిజార్డర్. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్ పుస్తకం 2013లో అయిదో కూర్పు వచ్చినప్పుడు ఈ పేరు అందులో చేరింది. సన్నబడాలనో, లావైపోతామనో తిండి మానేసే అనొరెక్సియా వేరు, ఇది వేరు. దీంట్లో ఒంటి గురించి బెంగ ఉండదు. ఇందులోకి దిగే దారులు మూడట. రుచి, వాసన, నోట్లో తగిలే తీరు భరించలేకపోవడం ఒకటి. అసలు ఆకలే తెలియకపోవడం, తిండి మీద ధ్యాసే లేకపోవడం రెండోది. పొలమారుతుందనో, వాంతి అవుతుందనో భయం మూడోది. మావాడు మొదటి దారిలో నెమ్మదిగా నడుస్తుంటే తెనాలి పెళ్లి వాణ్ణి మూడోదాంట్లోకి తోసింది. ఆటిజం ఉన్నవాళ్లలో, ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య, ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుందట.

ఇంకో మాట కూడా చెప్పారు. ఆటిజం ఉన్న అమ్మాయిల్లో అనొరెక్సియా కూడా వస్తుంది, అక్కడ లావు భయం ఒక్కటే వెతుకుతూ కూర్చుంటే కింద ఉన్న వాసనల బాధ, రొటీన్ మారితే వచ్చే టెన్షన్ కనపడవు అని. లండన్‌లో మాడ్‌స్లీ ఆసుపత్రుల సంస్థ వాళ్లు రెండూ ఉన్నవాళ్ల కోసం పీస్ అనే పద్ధతే పెట్టారట. వార్డులో రంగులు, చప్పుళ్లు తగ్గించి, మసాలాలు లేని సాదా తిండి ఉన్న మెనూ విడిగా పెడతారట. మనవైపు ఎదిగిన ఆడపిల్ల తినకపోతే ముందు వచ్చే అనుమానం డైటింగ్, తర్వాతది ప్రేమ వ్యవహారం.

మనిషి సన్నగా ఉంటేనే ఈ జబ్బు అనుకోవద్దని కూడా ఆవిడే చెప్పారు. ఇంటికొచ్చి వెతికితే ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ కుర్రాడి కేసు ఒకటి దొరికింది. 2019లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో వచ్చింది. చిన్నప్పటి నుంచి ఫ్రెంచ్ ఫ్రైస్, చిప్స్, తెల్ల బ్రెడ్, కాస్త మాంసం ముక్కలు తప్ప తినలేదు. ఎత్తు, బరువు మామూలే. బీ12, రాగి, డీ విటమిన్ పడిపోయి కంటినరం దెబ్బతిని పదిహేడేళ్లకి చూపు చాలావరకు పోయింది. అది చదివిన రాత్రి నేను పడుకోలేదు. రక్తపరీక్షలకి మర్నాడు పొద్దున్నే ఆరింటికి ల్యాబ్ ముందు నిలబడ్డాం. హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది, ఆ వయసుకి కనీసం 11.5 ఉండాలి. ఐరన్ నిల్వలు అడుగంటాయి. డీ విటమిన్ కూడా బాగా తక్కువ, తొమ్మిది. ఐరన్ తగ్గితే ఆకలి కూడా తగ్గుతుందట. తినకపోతే ఐరన్ తగ్గడం, ఐరన్ తగ్గితే తినకపోవడం.

ఇక్కడ నేను ఇంకో తప్పు చేశాను. ఐరన్ చుక్కలు రాశారు. ఎలా పట్టాలి? పెరుగన్నంలో కలిపేశాను. మా అమ్మ కూడా మాకు మందులు అలాగే తేనెలో కలిపేది కదా. వాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. నాలుక బయటపెట్టి, ముద్దంతా కంచంలో వదిలేసి, నావైపు చూశాడు. కోపం కాదు. ఆ చూపుకి నాకు పేరు తెలీదు. ఆ రోజుతో పెరుగన్నం పోయింది. నాలుగు మూడయ్యాయి. ఏడువారాల దాకా మళ్లీ ముట్టలేదు. తర్వాత డాక్టరమ్మ నెత్తి కొట్టుకున్నంత పని చేశారు. పాలు, పెరుగుతో ఇస్తే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు, అది ఒకటి. అంతకన్నా పెద్దది, వాడు నమ్మిన తిండిలో ఏదీ దాచకూడదు. వాడికి ఆ నాలుగు తిండి కాదమ్మా, నాలుగు గోడలు అన్నారు. చుక్కలు చివరికి సిరంజితో, విడిగా, వాడికి చెప్పి, చూపించి, పట్టాం. తిట్టుకుంటూనే మింగేవాడు. కానీ మింగేవాడు.

ఆ రోజుల్లోనే మా మరిది డాలస్ నుంచి ఫోన్ చేశాడు. వాడికి ముప్ఫై నాలుగు. మా పెళ్లయిన కొత్తలో నేనెంత వండినా పెరుగన్నం, ఆలూ వేపుడు తప్ప తినేవాడు కాదు. పొగరనుకున్నాను. అంతకుముందు ఏడాదే అక్కడ వాడికి ఏడీహెచ్‌డీ అని తేలింది. అన్నీ విని నన్ను ఒకటడిగాడు.

"వదినా, అన్నంలో వెంట్రుక వచ్చిందనుకో. ఆ ముద్ద సగం నమిలాక చూశావు. మింగగలవా?"

"ఛీ."

"ఎంత ఆకలిగా ఉన్నా?"

నేను మాట్లాడలేదు.

"నాకు పప్పులో ఆవగింజ పంటికింద పడితే అచ్చం అలాగే ఉంటుంది. అమ్మ వెనకాల కర్ర పట్టుకుని నిలబడేది. ఏడ్చి మింగేవాణ్ణి, వెళ్లి కక్కేవాణ్ణి. ఇప్పటికీ ఎవరైనా నేను తింటుంటే చూస్తే గొంతు పట్టేస్తుంది."

వాడికి ఇప్పుడు మధ్యాహ్నం రెండింటికి ఫోన్‌లో అలారం మోగుతుంది, తినమని. ఆకలి అనేది వాడికి ఆకలిలా తెలీదట, తలనొప్పిలానో చిరాకులానో తెలుస్తుందట. దానికి తోడు ఏడీహెచ్‌డీ మందు ఉన్నంతసేపు ఆ కాస్త ఆకలీ ఉండదు. అందుకే మందు వేసుకోకముందే పొద్దున్నే కడుపునిండా తింటాడు, మళ్లీ రాత్రి. రోజూ అదే గ్రీక్ యోగర్ట్, అదే అన్నం. "బోర్ కొట్టదురా?" అంటే, "రోజంతా ఆఫీసులో అన్నీ మారుతుంటాయి వదినా, అదొక్కటే మారదు" అన్నాడు. కర్ర సంగతి నేను మా అత్తయ్యకి చెప్పలేదు. కానీ స్పీకర్ ఆన్‌లో ఉంది, ఆవిడ పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

అప్పుడు నాకు మన తిండి మొత్తం వేరేగా కనిపించడం మొదలైంది. మనం తినేదంతా కలుపుకుని తినడమే. మెత్తటి పప్పులో గట్టి ఆవగింజ, కరివేపాకు, చిట్లిన ఎండుమిర్చి, జీలకర్ర. చారులో టమాటా తొక్క. ఉప్మాలో అల్లం ముక్క ఎక్కడ దాక్కుందో తెలీదు. ప్రతి ముద్దా వేరు. మనకి అదే మజా. ఇంట్లో తోడేసిన పెరుగు ఒకరోజు కమ్మగా, ఒకరోజు పుల్లగా. ఒక ద్రాక్షపండు తీపి, పక్కది పులుపు, ఇంకోటి మెత్తబడిపోయింది. పార్లే-జి మాత్రం కూకట్‌పల్లిలో కొన్నా తెనాలిలో కొన్నా ఒకటే. వాడు పేచీకోరు అనుకున్నాం. వాడికి కావలసింది ఏ ముద్దా మోసం చేయకపోవడం.

ఫీడింగ్ థెరపీ వారానికి రెండుసార్లు మొదలైంది. థెరపిస్టు చిన్నమ్మాయి, ఆక్యుపేషనల్ థెరపీ చదివింది. మొదటి నెలంతా మావాడితో కన్నా మాతోనే ఎక్కువ మాట్లాడింది. ఆవిడ పెట్టిన మొదటి నియమం నాకు మింగుడు పడలేదు. ఇంట్లో ఎవరూ వాణ్ణి తినమనకూడదు. బతిమాలకూడదు. ఇది తింటే అది ఇస్తానని బేరం పెట్టకూడదు. తిన్నప్పుడు చప్పట్లు కూడా కొట్టకూడదు.

"మెచ్చుకుంటే తప్పేంటండీ?"

"రేపు తినలేకపోతే మిమ్మల్ని నిరాశపరిచానని వాడికి తెలుస్తుంది కదండీ. చప్పట్లు కూడా ఒత్తిడే."

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ డైటీషియన్ 1980లలో చెప్పిన సూత్రం ఒకటి ఉందట. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లల పని. ఆర్ఫిడ్ ఉన్న పిల్లలకి అది ఒక్కటే సరిపోదు, వాళ్లు భరించగలిగేది ఒకటైనా ప్రతిసారీ కంచంలో ఉండి తీరాలి అని థెరపిస్టు చెప్పింది. వినడానికి తేలిక. కానీ మన ఇళ్లలో ప్రేమంటేనే ఇంకో ముద్ద. ఇది తాత ముద్ద, ఇది మామయ్య ముద్ద అంటూ బతిమాలడమే పెంపకం. నేను నోరు మూసుకుని వాడి పక్కన కూర్చుని నా అన్నం నేను తినడం నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. మొదటి వారం నా చేతులు నా మాట వినేవి కావు, ముద్ద కలిపి వాడివైపు వెళ్లిపోయేవి.

ఇంట్లో మార్పులు చిన్నవే. తాలింపు వేసేటప్పుడు వంటింటి తలుపు వేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం. గిన్నెల చప్పుడు లేకుండా వడ్డించడం. గడులున్న స్టీలు కంచం, దేనికదే, ఒకటి ఇంకోదాన్ని తాకకుండా. చేతికి తడి అంటడం ఇష్టం లేదు కాబట్టి స్పూను. పొద్దున ఎనిమిది, పదకొండు, ఒకటిన్నర, అయిదు, ఎనిమిది, ఇలా టైముకి కంచం రావడం, ఎందుకంటే వాడి ఆకలి వాడికి గంట కొట్టదు. పక్కన ఒక చిన్న ప్లేటు. దాంట్లో కొత్తది ఏదో ఒకటి, గోరంత. దాన్ని తినక్కర్లేదు. అది అక్కడ ఉంటుంది, అంతే. కావాలంటే ముట్టుకోవచ్చు, వాసన చూడొచ్చు, నాకొచ్చు, కొరికి ఉమ్మేయొచ్చు. ఉమ్మడానికి ఒక కప్పు కూడా పెట్టాం. మా మామగారు అన్నం పరబ్రహ్మస్వరూపం, దాన్ని ఉమ్మేయడానికి కప్పేంటని రెండ్రోజులు మాతో కలిసి భోంచేయలేదు. మావాడికి మాత్రం ఆ కప్పే ధైర్యం. నోట్లో పెట్టుకున్నది మింగి తీరాలన్న రూలు పోయాకే వాడు కొత్తవి నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

బిస్కెట్ నుంచి దారి వేశాం. తిన్నదానికి దగ్గరగా ఉన్నది, దానికి దగ్గరగా ఉన్నది. పార్లే-జి నుంచి మారీ, ఆరు వారాలు. మారీ నుంచి రస్కు. రస్కు నుంచి బాగా కాల్చిన బ్రెడ్ ముక్క, అంచులు లేకుండా. ఇక్కడ నాలుగు నెలలు ఆగిపోయాం. తర్వాత ఒకరోజు వాడే పెనం దగ్గరకొచ్చి దోశ అంచు, ఆ ఎర్రగా, పల్చగా, కరకరలాడే అంచు, గిల్లి తీసుకున్నాడు. మధ్యలో మెత్తటి భాగం మా ఆయన తిన్నాడు. ఏడాదిపాటు మా ఇంట్లో దోశలకి మధ్యభాగం తినే ఉద్యోగం ఆయనదే. చిప్స్ నుంచి అప్పడం, అప్పడం నుంచి మినప వడియం. అదంతా వేయించినదే కదా, ఆరోగ్యం ఏంటని అడిగినవాళ్లున్నారు. ముందు కడుపు నిండనివ్వండి, తర్వాత ఆరోగ్యం అన్నది థెరపిస్టు. నేనూ అదే అన్నాను, ఇంకొంచెం కటువుగా.

నేరుగా పైకి వెళ్లిన కథ కాదు ఇది. ఏడున్నరేళ్లప్పుడు వైరల్ జ్వరం వచ్చింది, పన్నెండు పదార్థాలు అయిదుకి పడ్డాయి, రెండు నెలలు మళ్లీ మొదటికి. ఇంకోసారి రస్కు ప్యాకెట్ మీద బొమ్మ మారింది. లోపల సరుకు అదే. వాడికి కాదు. పాత ప్యాకెట్ కవర్లు రెండు దాచి ఉంచాను, కొత్త రస్కులు వాటిలో వేద్దామని. వేయబోయి ఆగాను. ఐరన్ చుక్కలు గుర్తొచ్చాయి. రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టి, "కవర్ మారింది, రస్కు అదే" అని చెప్పి వదిలేశాను. పదహారు రోజులకి తిన్నాడు.

స్కూలు కథ పొడుగు, కుదిస్తాను. డబ్బాలో బిస్కెట్లు, చిప్స్ నిషేధమని డైరీలో రాశారు. ఒక టీచరు మంచి అలవాటు చేద్దామని వేరే పిల్లాడి ఉప్మా తినిపించబోయింది. వాడు ఆవిడ చెయ్యి కొరికాడు. పిలిచి కంప్లైంట్ చేశారు. నేను డాక్టరు ఉత్తరం, వైకల్య ధ్రువపత్రం తీసుకెళ్లాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, పిల్లవాడికి కావలసిన సర్దుబాట్లు చేయడం బడి బాధ్యత అని కూడా అందులో ఉంది. చట్టం పేరు చెప్పాక కుర్చీ వేశారు. ఇప్పుడు వాడు అందరికన్నా పది నిమిషాలు ముందు, ఖాళీ క్లాసులో తింటాడు. వాసనలు ఉండవు, చప్పుడు ఉండదు. సర్టిఫికెట్ గురించి అడిగేవాళ్ల కోసం ఇది కూడా రాస్తున్నాను. వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, వచ్చాక కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాకి దరఖాస్తు చేశాం. ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీలకి కూడా కొంత వస్తుంది. పూర్తిగా సరిపోదు. కానీ థెరపీ బిల్లులు కట్టేవాళ్లకి ఆ కొంత ఎంతో తెలుసు.

బంధువుల దగ్గర మాత్రం ఏ చట్టమూ పనిచేయదు. పెళ్లిళ్లకి వాడి డబ్బా తీసుకెళ్తాం, బంతిలో కూర్చోబెట్టం. "ఏంటమ్మా, పిల్లాణ్ణి ఇలా చిక్కిపోనిచ్చావు" అంటే ఇదివరకు వివరించేదాన్ని. ఇప్పుడు, "డాక్టరు చూస్తున్నారు పిన్నీ, మీ మోకాలు ఎలా ఉంది?" అంటాను. ఎనభై శాతం మంది మోకాళ్ల దగ్గరే ఆగిపోతారు.

అందరికన్నా ఎక్కువ మారింది మా అత్తయ్య. ఆ ఫోన్ తర్వాత వారం రోజులు ఆవిడ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు డాలస్‌కి వీడియో కాల్ చేసి, బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. అప్పటినుంచి పప్పు వండిన ప్రతిసారీ తాలింపు వేయకముందే ఒక చిన్న గిన్నెలోకి రెండు గరిటెలు తీసి, మెత్తగా ఎనిపి, మూతపెట్టి ఉంచుతుంది. ఉప్పు, పసుపు, అంతే. రెండేళ్లుగా ఆ గిన్నె టేబుల్ మీదకొస్తోంది, ఎవరూ ముట్టకుండా లోపలికి వెళ్తోంది. ఆ పప్పు రాత్రికి ఆవిడే తింటుంది.

వాడి బరువు ఇప్పుడు ఇరవై మూడున్నర కిలోలు. హిమోగ్లోబిన్ 11.8. ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో పందొమ్మిది పేర్లున్నాయి. వాటిలో ఆకుపచ్చగా ఉన్నది ఒక్కటీ లేదు, మల్టీవిటమిన్ ఇంకా నడుస్తోంది.

మొన్న ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నాం. గిన్నె ఎప్పటిలాగే వచ్చింది. వాడు తన బిస్కెట్ తీసుకుని, గిన్నె మూత తీసి, బిస్కెట్ మూల పప్పులో ముంచాడు. పైకెత్తి చూశాడు. వాసన చూశాడు. ఆ మూలని టేబుల్ అంచుకి తుడిచి, రెండోవైపు నుంచి బిస్కెట్ తినడం మొదలుపెట్టాడు. తింటూ తింటూ పప్పు మరక మిగిలిన ఆ మూల దాకా వచ్చాడు. అదీ నోట్లోకే పోయింది.

మా అత్తయ్య నోరు తెరిచింది. నేను టేబుల్ కింద ఆవిడ కాలు నొక్కాను. ఆవిడ నోరు మూసి, ఫ్యాన్ వైపు చూసి, "ఒరేయ్ అబ్బాయ్, కరెంటు బిల్లు కట్టావా?" అని మా ఆయన్ని అడిగింది.